రొద ఎవరింటిది?

సొంత రేడియో సెట్లతో ఒకరితో ఒకరు మాట్లాడుకునే హామ్ రేడియో మిత్రులందరికీ నమస్కారం. ముందుగా ఈ ఫోన్లో ఉన్న రికార్డింగు ఒకటి వినండి. అర నిమిషమే.

విన్నారుగా. జుర్ర్‌మని ఒకటే రొద. దాని వెనకాల ఎక్కడో ఒక మనిషి మాట్లాడుతున్నాడు. ఆ సాయంత్రం ఆయన నన్నే పిలుస్తున్నాడు. నా కాల్‌సైన్‌లో, అంటే లైసెన్సుతో వచ్చే రేడియో పేరులో, చివరి అక్షరం ఒక్కటే నా చెవిన పడింది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే మనం 40 మీటర్లు అని పిలుచుకునే బ్యాండ్‌లో, మా ఇంట్లో రికార్డు చేశాను. సిగ్నల్ బలం చూపే మీటరు మీద ఎస్-9. ఎవరూ మాట్లాడకపోయినా ముల్లు అక్కడే నిలబడి ఉంది.

మీలో చాలామంది హామ్ లైసెన్సు కోసం ఏఎస్‌ఓసీ పరీక్ష కొత్తగా రాసినవాళ్లు, రాయబోతున్నవాళ్లు. లైసెన్సు చేతికి రాగానే అందరూ అడిగేది ఒకటే: "ఏ సెట్టు కొనమంటారు సార్?" ఆర్నెల్ల తర్వాత మళ్లీ ఫోన్ చేస్తారు: "సార్, సెట్టు బానే ఉంది, ఏమీ వినపడటం లేదు." నేనివాళ ఆ రెండో ఫోను గురించే మాట్లాడతాను. మొదటి ప్రశ్నకు జవాబు మీ జేబు చెబుతుంది.

నా రొద సంగతికి వద్దాం. మా వీధి మలుపులో ఒక పాత ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. రొద మొదలైన మొదటి రోజే నేను దానికి శిక్ష వేసేశాను. కంప్లయింటు కూడా రాసి పెట్టుకున్నాను. ఇవ్వకపోవడం నా అదృష్టం. ఎందుకంటే వారం రోజులు లాగ్ పుస్తకంలో టైము రాసుకుంటూ పోతే ఒక విషయం తేలింది. రొద సరిగ్గా చీకటి పడే వేళకు వస్తోంది, తెల్లవారేసరికి పోతోంది. మబ్బు పట్టిన రోజు కాస్త ముందే వస్తోంది. ట్రాన్స్‌ఫార్మరుకు మబ్బుతో పనేముంది?

ఇక్కడ మీరు చేయాల్సిన మొదటి పని, మీ ఇంటి మెయిన్ దించడం. సెట్టును బ్యాటరీ మీద పెట్టండి. యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల, 7 యాంపియర్-అవర్ల చిన్న బ్యాటరీ చాలు, వినడానికి గంటల తరబడి వస్తుంది. మెయిన్ దించి, మీటరు చూడండి. నేను ఆ పని సాయంత్రం ఏడున్నరకు చేశాను. సీరియల్ టైము. ఇంట్లో నాకు దక్కిన మర్యాద గురించి ఇక్కడ చెప్పను.

మెయిన్ దించితే రొద పోలేదు, కొంచెం తగ్గింది. అంటే దొంగలు ఇద్దరు. ఒకడు మా ఇంట్లోనే ఉన్నాడు. ఎంసీబీ స్విచ్చులు ఒక్కొక్కటే ఎత్తుకుంటూ వస్తే వైఫై డబ్బాకు ఉన్న చిన్న అడాప్టర్ దొరికింది. ఈ అడాప్టర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్లు, ల్యాప్‌టాప్ ఛార్జర్లు అన్నీ కరెంటును సెకనుకు వేలసార్లు, కొన్ని లక్షసార్లు పైగా కోసి వోల్టేజీ మారుస్తాయి. కోసిన ప్రతిసారీ కొంత రేడియో శక్తి పుడుతుంది. లోపల ఫిల్టరు పెడితే అక్కడే ఆగుతుంది. నాలుగు రూపాయలు మిగులుతాయని ఆ ఫిల్టరు ఎగ్గొడితే, ఇంటి వైరింగే దానికి యాంటెన్నా అవుతుంది. కొత్త హామ్‌ల ఇళ్లకు నేను ఎన్నిటికి వెళ్లానో లెక్కపెట్టలేదు గానీ, పొరుగువాళ్లను తిట్టుకుంటూ పిలిచినవాళ్లలో చాలామందికి అసలు దోషి సొంత బల్ల మీదే దొరికింది.

రెండో దొంగ కోసం జేబు ట్రాన్సిస్టర్ పట్టుకుని వీధిలోకి వెళ్లాను. ఒకప్పుడు మనం విశాఖపట్నం స్టేషన్‌ను 927 కిలోహెర్ట్జ్ మీద విన్న ఆ మీడియం వేవ్ రేడియోనే. దాన్ని స్టేషనేమీ లేని చోట ట్యూన్ చేసుకోవాలి. లోపల నల్లటి ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది, అదే దాని యాంటెన్నా. రేడియోను అరచేతిలో పడుకోబెట్టి నెమ్మదిగా తిప్పండి. ఒకచోట రొద ఠక్కున పడిపోతుంది. అప్పుడు కడ్డీ మొన ఎటు చూపిస్తోందో దొంగ ఆ గీత మీద ఉన్నాడు. ముందో వెనకో తెలియదు. ఇంకో ఇరవై అడుగులు పక్కకు నడిచి మళ్లీ తిప్పండి. రెండు గీతలూ కలిసే చోటికి వెళ్లండి. రొద ఎక్కువైన దిక్కు కోసం వెతకొద్దు, తగ్గిన దిక్కు కోసం వెతకండి. పెరగడం మెల్లగా జరుగుతుంది, చెవికి తెలియదు. పడిపోవడం స్పష్టంగా తెలుస్తుంది.

రాత్రి ఎనిమిదింటికి చెవి దగ్గర రేడియో పెట్టుకుని గుండ్రంగా తిరుగుతున్న మనిషిని చూసి అపార్ట్‌మెంటు వాచ్‌మన్ అడిగాడు, "ఏం పోయింది సార్?" అని. కుక్కలు మాత్రం ఏమీ అడక్కుండానే వెంటపడ్డాయి. గీతలు రెండూ మూడో ఇంటి పెద్దాయన గేటు దగ్గర కలిశాయి. గేటు మీద కొత్త ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటు. చీకటి పడగానే దానంతటదే వెలుగుతుంది.

పెద్దాయనకు సంగతి చెబితే, "ఏటండీ మాస్టారూ, మీ రేడియో కోసం మా లైటు తీసేమంటారా?" అన్నారు. ఆయన అడిగింది న్యాయమే. నేను వాదించలేదు. ట్రాన్సిస్టర్ ఆయన చేతికిచ్చి లైటు కింద నిలబెట్టాను. స్విచ్ ఆపమన్నాను, వేయమన్నాను. మూడోసారి ఆయనే నవ్వుతూ ఆపారు, వేశారు. చేతికి రేడియో ఇవ్వకుండా నాయిస్ ఫ్లోర్, హార్మోనిక్స్ అని మొదలుపెట్టి ఉంటే మా మధ్య మాటలు అక్కడితో ఆగిపోయేవి.

లైటుకు వెళ్లే వైర్లను ఒక పెద్ద ఫెర్రైట్ రింగు మీద పది చుట్లు చుట్టాను. రొద వైరు వెంట పాకకుండా అది అడ్డుకుంటుంది. చాలామంది ఇక్కడ పొరపాటు పడతారు. కేబుల్‌కు క్లిప్‌లా బిగించే చిన్న పూస ఒకటి తగిలించి, లాభం లేదంటారు. వైరు ఒక్కసారే దూరితే 7 మెగాహెర్ట్జ్ దగ్గర అది చేయగలిగింది చాలా తక్కువ. చుట్లు రెట్టింపు చేస్తే అడ్డు సుమారు నాలుగు రెట్లవుతుంది. మూడు చుట్లకు తొమ్మిది రెట్లు. ఫెర్రైట్‌లో కూడా రకాలున్నాయి. ఈ బ్యాండ్లకు 31 నంబరు మిశ్రమం బాగా పనిచేస్తుంది. మా ఇంట్లో ముల్లు ఎస్-9 నుంచి ఎస్-5కి దిగింది. ఒక్కో ఎస్‌కు 6 డెసిబెల్స్, అంటే వోల్టేజీలో సగం. నాలుగు మెట్లు దిగితే పదహారో వంతు. ఎస్-9 అంటే యాంటెన్నా మూతి దగ్గర 50 మైక్రోవోల్టులు అనుకుంటే, మిగిలింది మూడు మైక్రోవోల్టులు. ఆ రోజు అక్షరం తప్ప వినపడని మనిషి, పది రోజుల తర్వాత పూర్తిగా వినపడ్డాడు.

కొన్నాళ్లు వింటే రొద గొంతును బట్టే దొంగను గుర్తుపట్టొచ్చు. సెకనుకోసారి టక్, టక్ అంటే పొలానికి కట్టిన సోలార్ కంచె. అడవిపందుల కోసం పెట్టుకుంటారు, దాని జోలికి వెళ్లకండి. మెట్లు లేకుండా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఉన్న ఫ్యాను స్పీడు తగ్గించినప్పుడు బుర్రుమంటుంది, ఫుల్లో పెడితే ఆగుతుంది. డయల్ మీద కొన్ని పదుల కిలోహెర్ట్జ్‌కు ఒక దిబ్బ చొప్పున లేచి, వేడెక్కేకొద్దీ మెల్లగా పక్కకు జరిగితే అది అడాప్టరో ఇన్వర్టరో. కరెంటు స్తంభం మీద బోల్టు వదులై చిన్న నిప్పురవ్వ కొడుతుంటే ఎండాకాలం రొద పెట్టి, వాన పడగానే ఆగిపోతుంది. తడికి ఆ సందు మూసుకుపోతుంది కాబట్టి. మన విశాఖలో దీనికి తోడు ఉప్పుగాలి. ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుని, తెల్లవారుజామున మంచు పడ్డప్పుడు కరెంటు దాని మీదుగా పాకుతుంది. సముద్రం దగ్గరుండే హామ్‌కు తెల్లవారుజామున ఒక రొద, మధ్యాహ్నం ఒక రొద. స్తంభం పని మాత్రం డిపార్ట్‌మెంటుది. స్తంభం నంబరు, టైము, వాతావరణం రాసివ్వండి, ఎక్కకండి.

ఉప్పుగాలి అనగానే నాకు నా కేబుల్ గుర్తొస్తుంది. 40 మీటర్ల బ్యాండ్‌కు డైపోల్, అంటే చెరో పక్క ఒక తీగ ఉండే యాంటెన్నా, కట్టుకున్నాను. లెక్క మీకు తెలిసిందే. 468ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే అడుగుల్లో పొడవు, 7.1కి సుమారు 66 అడుగులు, చెరో పక్క 33. పంపిన పవరు ఎంత వెనక్కొస్తోందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ అనే అంకె ఒకటి ఉంది, 1కి ఎంత దగ్గరైతే అంత మంచిది. కట్టినప్పుడు అది 1.8 ఉండేది. ఒక వానాకాలం గడిచాక చూస్తే 1.2. ముట్టుకోకుండానే యాంటెన్నా బాగుపడిందని నలుగురికీ చెప్పుకున్నాను కూడా. ఆ తర్వాతే గమనించాను, దూరం స్టేషన్లు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి.

జరిగిందేమిటంటే, పైన కనెక్టర్లోంచి, యాంటెన్నాకు వెళ్లే కోయాక్స్ కేబుల్ లోపలికి నీళ్లు దిగాయి. సెట్టు పంపిన పవరులో కొంత వెళ్లేటప్పుడు కేబులే తిన్నది. యాంటెన్నా దగ్గర తిరగ్గొట్టినదాన్ని వచ్చేటప్పుడు మళ్లీ తిన్నది. మీటరు దాకా వెనక్కి వచ్చేది ఏమీ లేదు, అందుకే 1.2. చాకుతో కోస్తే లోపలి జాలీ నల్లబడి, పచ్చబడి, బొట్లుబొట్లుగా నీళ్లు కారాయి. ఈ పరీక్ష మీరూ చేయండి. కేబుల్ పై కొసను యాంటెన్నా నుంచి విప్పి ఊరికే వదిలేయండి. కింద నానోవీఎన్‌ఏ లాంటి చిన్న ఎనలైజర్ పెట్టి చూడండి. సెట్టుతో మాత్రం ట్రాన్స్‌మిట్ చేయకండి, ఫైనల్స్, అంటే చివరి పవర్ ట్రాన్సిస్టర్లు, పోతాయి. మంచి కేబుల్ అయితే ఎస్‌డబ్ల్యూఆర్ చాలా ఎక్కువ చూపిస్తుంది. 3 చూపించిందంటే పంపినదాంట్లో సగం కేబుల్‌కే పోతోంది. 145 మెగాహెర్ట్జ్‌కు సన్నటి ఆర్‌జీ-58 కేబుల్‌ను 30 మీటర్లు లాగితే ఇంకా ఎక్కువే పోతుంది. కొత్త కేబుల్ అయినా సరే, 5 వాట్లు పంపితే పైకి చేరేది ఒకటింబావు.

అప్పట్నుంచీ కనెక్టర్ మీద తనంతట తనే అతుక్కునే రబ్బరు టేపు చుడుతున్నాను. అది దొరకని రోజుల్లో సైకిల్ ట్యూబు కోసి బిగించి చుట్టేవాళ్లం, ఫరవాలేదు. కేబుల్ కిటికీలోకి దూరే ముందు కిందికి ఒక వంపు ఇవ్వండి, నీళ్లు అక్కడే కారిపోతాయి. కోతులకు, సంక్రాంతి మాంజాకు మాత్రం నా దగ్గర మందు లేదు. సింహాచలం కొండ పక్కనుండే మిత్రుడి డైపోల్ మీద కోతులు ఉయ్యాల ఊగుతాయి. ఆయన దాన్ని యాంటెన్నా ట్యూనింగ్ అంటాడు.

సెట్టు సంగతి కూడా కొంచెం. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ గారు ఈ శతాబ్దం మొదట్లో బిట్‌ఎక్స్ అనే చిన్న ట్రాన్స్‌సీవర్, అంటే పంపడం, వినడం రెండూ చేసే సెట్టు, డిజైన్ చేసి అందరికీ ఇచ్చేశారు. మార్కెట్లో మామూలుగా దొరికే ట్రాన్సిస్టర్లు, 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్స్, చివర్లో పవరు పెంచే ఐఆర్‌ఎఫ్-510 ట్రాన్సిస్టర్. మన దగ్గర టొరాయిడ్ రింగులు దొరకవని ఆయన కాయిల్స్‌ను నీళ్ల కుళాయికి వేసే వాషర్ల మీద చుట్టించారు. నాకు ఆ డిజైన్‌లో అన్నిటికంటే నచ్చింది ఆ వాషరే. దొరకని దాని గురించి ఏడవకుండా హార్డ్‌వేర్ షాపుకు వెళ్లడం! ప్రపంచంలో ఎన్నో దేశాల హామ్‌లు దాన్ని కట్టుకున్నారు.

నేనూ కట్టాను. వినపడింది. కానీ అవతలి మనిషి గొంతు రెండు నిమిషాల్లో సన్నబడిపోతూ పిట్టలా అయిపోయేది. ట్యూనింగు నిలబెట్టే 4 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీ జరిగిపోతోంది. మూడు రోజులు టంకాలన్నీ మళ్లీ వేశాను, ట్రాన్సిస్టర్ మార్చాను. నాలుగో రోజు కరెంటు పోయింది, బ్యాటరీ మీద సెట్టు కదలకుండా నిలబడింది. నెత్తి మీద ఫ్యాను ఆగింది, అంతే తేడా. గాలికి కాయిల్ చల్లబడి, ఫ్యాను తిరిగేకొద్దీ ఫ్రీక్వెన్సీ ఊగుతోంది. ఆసిలేటర్‌కు పాలపొడి డబ్బా రేకుతో ఇల్లు కట్టి, కాయిల్ మీద మైనం పోసి, వేడికి మారని ఎన్‌పీ-0 కెపాసిటర్లు వేశాక కుదుటపడింది.

రొద వెంట పడితే చివర్లో ఎప్పుడూ చెడిపోయిన వస్తువే దొరుకుతుందని అనుకోకండి. 1930ల మొదట్లో అమెరికాలో కార్ల్ జాన్‌స్కీ అనే ఇంజనీరు ఇదే పని మీద ఉన్నాడు. సముద్రం దాటే రేడియో టెలిఫోన్‌కు అడ్డొస్తున్న రొద ఎక్కడిదో కనుక్కోమని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థ పని అప్పజెప్పింది. 20.5 మెగాహెర్ట్జ్ దగ్గర తిరిగే యాంటెన్నా కట్టుకున్నాడు. పిడుగులవి విడదీశాడు. ఒక సన్నటి బుస మిగిలింది. అది రోజూ వస్తోంది గానీ, 24 గంటలకు కాదు, 23 గంటల 56 నిమిషాలకు. ఆ నాలుగు నిమిషాల తేడాయే దాని అడ్రసు. సూర్యుడి గడియారం అది కాదు, నక్షత్రాలది. పాలపుంత నుంచి వస్తోందని 1933లో ప్రకటించాడు. దాన్ని వెంటనే పట్టించుకున్నవాళ్లు తక్కువ. పట్టించుకున్నవాడు గ్రోట్ రీబర్, మనలాంటి హామ్. 1937లో అమెరికాలోనే వీటన్ ఊళ్లో, తన సొంత డబ్బుతో, పెరట్లో 31 అడుగుల డిష్ కట్టాడు. 3300 మెగాహెర్ట్జ్‌లో విన్నాడు, ఏమీ లేదు. 900 దగ్గర విన్నాడు, లేదు. రిసీవర్ మళ్లీ కట్టి 160కి దిగాక దొరికింది. పగలు కార్ల ఇంజన్ల నిప్పురవ్వల రొద, అందుకని రాత్రుళ్లు కూర్చుని ఆకాశానికి రేడియో మ్యాపు గీశాడు. నేను టైము రాసుకోమని ఇందాక చెప్పింది వీళ్ల దగ్గర నేర్చుకున్నదే.

చివరగా ఒకటి చెప్పి ముగిస్తాను, ప్రశ్నలకు టైము కావాలి కదా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మన ఊరిని ఎలా ఊడ్చేసిందో మీలో పెద్దవాళ్లకు చెప్పక్కర్లేదు. నా డైపోల్ ఎటు పోయిందో నాకే తెలియదు. ఊళ్లో కరెంటు లేదు. మర్నాడు రాత్రి మిగిలిన తీగ ముక్క ఒకటి పడిపోయిన చెట్టు కొమ్మల మీదికి విసిరి, యూపీఎస్ బ్యాటరీ తగిలించి, 7 మెగాహెర్ట్జ్ తిప్పాను. ముల్లు కదల్లేదు. సెట్టు చచ్చిపోయిందనుకున్నాను. చెవి దగ్గర పెట్టుకుంటే అప్పుడు వినపడ్డారు. ఒకళ్ల వెనక ఒకళ్లు, ఎక్కడెక్కడి వాళ్లో, గదిలో పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు. అంత రొద లేని బ్యాండ్ నేను అంతకు ముందు వినలేదు, తర్వాతా వినలేదు. ఊళ్లో ఒక్క అడాప్టర్ కూడా పనిచేయడం లేదు మరి.

కొన్ని రోజులకు ఒక సాయంత్రం మా వీధికి కరెంటొచ్చింది. మేడల మీద నుంచి పిల్లలు హోయ్ అని కేకలు పెట్టారు. మూడో ఇంటి గేటు మీద దీపం వెలిగింది. నా ముల్లు నెమ్మదిగా లేచి ఎస్-7 దగ్గర కూర్చుంది. నేనూ కిటికీలోంచి ఒక ఈల వేశాను.