మంచె మీది మనిషికి పింఛను

శ్రోతలకు నమస్కారం.

మా పాలమూరు జొన్నచేలల్లో మంచె మీద కావలి ఉండేవాళ్లు. కంకులు కోసుకుపోయేవాడి చేతిలోనే ఆ కావలివాడి కూలి ఉంటే, వడిసెల ఎటు తిప్పుతాడు?

రాజ్యాంగం రాసినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. సర్కారు లెక్కలు చూసే కాగ్ కోసం 148వ అధికరణంలో గట్టి కట్టుదిట్టం చేశారు. ఆయన కుర్చీలో కూర్చున్నాక జీతం, పింఛను హక్కు ఆయనకు నష్టమయ్యేలా మార్చడానికి లేదు. ఆయనకే కాదు, ఆ ఆఫీసులో పనిచేసేవాళ్ల జీతాలు, పింఛన్లు కూడా భారత సంచిత నిధి, అంటే కేంద్రం ఖజానా నుంచే. పార్లమెంటు ఓటు అక్కర్లేదు. దిగిపోయాక మాత్రం కేంద్రంలో, రాష్ట్రంలో మరో సర్కారీ కొలువు పట్టకూడదు. పింఛను ఇచ్చి, ఆ ఆశ కోసేశారన్నమాట.

సమాచార కమిషనర్లకు ఇంత ధీమా లేదు. 2005 సమాచార హక్కు చట్టంలోనే రాసి ఉన్న 5 ఏళ్ల పదవీకాలం, జీతం 2019 సవరణతో కేంద్రం రూల్సు కిందికి పోయాయి. పదవీకాలం 3 ఏళ్లయింది.

ఇక కింది మంచెల సంగతి. ఉపాధి హామీ 2006లో మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. ఆ పనులకు సామాజిక తనిఖీ వచ్చింది, అంటే జరిగిన పనిని, రాసిన లెక్కను ఊరివాళ్లతో కలిసి సరిచూడటం. దేవరకొండ వైపు ఒక ఊళ్లో చూశాను. తనిఖీకొచ్చిన అమ్మాయి, పాతికేళ్లుంటాయేమో, ఎండలో గుంతలోకి దిగి టేపు పట్టింది. రెండో కొస ఒక ముసలామె చేతిలో. పుస్తకంలో రాసిన లోతుకు మూరెడు తక్కువ. "ఇంకోసారి చూడు బిడ్డా" అన్నాడు కూలీల పని చూసే మేటు. చూసింది. అంతే వచ్చింది. రాసుకుని, ముసలామెతో వేలిముద్ర వేయించుకుంది. రాత్రి పడక బడి వరండాలో.

ఆ అమ్మాయిది కాంట్రాక్టు కొలువు. పాత పింఛను కిందున్న ఉద్యోగి లంచం కేసులో ఇరుక్కుని రిటైరైతే, గ్రాట్యుటీ ఆపినా, కేసు తేలేదాకా తాత్కాలిక పింఛను వస్తుంది. దొరికినవాడికి అదైనా ఉంది. గుంత కొలిచినామెకు? నాకైతే ఇది మింగుడు పడదు.

పింఛను మాట ఎత్తితే ఆ అమ్మాయి నవ్వింది. "ముందు ఈ నెల జీతం పడనీయండి సార్" అని టేపు చుట్టుకుంటూ ఇంకో గుంత వైపు నడిచింది.