తాడు దాటిన తర్వాత: 'వాక్స్‌వర్క్' జంట బ్లూ-రే రివ్యూ

నమస్కారం. 1988లో వచ్చిన 'వాక్స్‌వర్క్', దానికి కొనసాగింపుగా 1992లో వచ్చిన 'వాక్స్‌వర్క్ 2: లాస్ట్ ఇన్ టైమ్' కలిపి ఉన్న బ్లూ-రే సెట్ గురించి ఈరోజు మాట్లాడుకుందాం. ముందుగా మీకు తెలియవలసిన విషయం ఒకటుంది. ఈ సెట్ నాకు ఉచితంగా అందింది. పంపినవారు డబ్బేమీ ఇవ్వలేదు, ఏం చెప్పాలో సూచించలేదు, వీడియోను ముందుగా తమకు చూపించమని అడగలేదు. రిజల్యూషన్, ఆడియో ట్రాకులు, అదనపు ఇంటర్వ్యూల వివరాలు మీరు ఇప్పటికే ఎక్కడో ఒకచోట చూసి ఉంటారు కాబట్టి వాటి జోలికి నేను వెళ్ళను. మ్యూజియంలో దుష్టశక్తి కాపురముండే హారర్ కామెడీల్లో పదేపదే ఎదురయ్యే పడికట్టు అంశాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటంటే నాకు ప్రాణం, ఇంకొకటి అసలు గిట్టదు. ఆ రెండూ ఈ సెట్‌లో ఉన్నాయి కాబట్టి నా తీర్పు కూడా వాటి మీదే ఆధారపడి ఉంటుంది.

నాకు ప్రాణమైనది తాడు. ప్రదర్శనకూ ప్రేక్షకుడికీ మధ్య నడుము ఎత్తున కట్టి ఉండే తాడు గురించే చెబుతున్నాను. 'వాక్స్‌వర్క్'లో ఒక మామూలు ఊరి వీధిలో, ఇళ్ళ మధ్యన, ఉన్నట్టుండి ఒక మైనపు బొమ్మల మ్యూజియం వెలుస్తుంది. దాని యజమాని కాలేజీ విద్యార్థులను అర్ధరాత్రి ప్రత్యేక ప్రదర్శనకు రమ్మంటాడు, అదీ ఆరుగురికి మించి రాకూడదనే షరతుతో. లోపల ఒక్కొక్క గదిలో ఒక్కొక్క భయానక దృశ్యం మైనపు బొమ్మలతో అమర్చి ఉంటుంది, ప్రతి దృశ్యం ముందూ తాడు ఉంటుంది. ఆ తాడు దాటి లోపలికి అడుగుపెట్టిన మనిషి మ్యూజియంలో ఉండడు. ఆ దృశ్యం ఏ కాలానికి, ఏ దేశానికి చెందిందో అక్కడే తేలతాడు. అక్కడ చనిపోయాడా, ఇవతల అదే అమరికలో మరో మైనపు బొమ్మగా నిలబడిపోతాడు.

చైనా అనే అమ్మాయికి జరిగేది ఒకసారి జాగ్రత్తగా గమనించండి. ఆమె ఒక్క అడుగు వేయగానే ఒంటి మీద దుస్తులు మారిపోతాయి, చుట్టూ ఒక కోట ఉంటుంది, ఎదురుగా విందు బల్ల, బల్ల ఆ చివర కౌంట్ డ్రాక్యులా. ఆమె ముందు పచ్చి మాంసం పెట్టి, దాని మీద ఎర్రని రసం పోస్తారు. మర్యాదకు తింటుంది. తర్వాత నేలమాళిగలోకి దిగితే, తెల్లని పలకలు పరిచిన గదిలో ఆమెకు కాబోయే భర్తగా చెప్పబడే మనిషి బల్లకు కట్టేసి ఉంటాడు, అతని ఒక కాలికి ఎముక తప్ప ఏమీ మిగిలి ఉండదు. పైన తాను తిన్నది ఏమిటో ఆమెకూ మనకూ ఒకే క్షణంలో అర్థమవుతుంది. కడుపులో తిప్పే ఈ సన్నివేశం నవ్వు కూడా తెప్పిస్తుంది. దానికి కారణం, ఆ కాలు పోయిన మనిషి అంతటి స్థితిలోనూ విందుకు వచ్చిన అతిథితో మాట్లాడినంత మర్యాదగా మాట్లాడటమే. తర్వాత ఆ అమ్మాయి చేతికి దొరికిన సీసాలనే ఆయుధాలుగా వాడుతూ రక్తపిశాచాలతో పోరాడే తీరు చూస్తే ఆమె మీద గౌరవం కలుగుతుంది. దర్శకుడు ఆంథొనీ హికాక్స్‌కు ఇది మొదటి సినిమా అంటే నమ్మడం కష్టం.

తాడు అంటే నాకెందుకంత ఇష్టమో చెప్పాలంటే, మన హారర్ కామెడీలతో పోల్చి చూడాలి. మన దగ్గర దయ్యం సాధారణంగా ఇంట్లో ఉంటుంది. పాడుబడ్డ బంగళానో, అమ్మకానికి పెట్టిన ఇల్లో. 2017 నాటి 'ఆనందో బ్రహ్మ' కూడా ఒక ఇంటి చుట్టూ తిరిగే కథే. ఇంట్లోని దయ్యానికి ఏదో ఒక అన్యాయం జరిగి ఉంటుంది, ఆ కథ తెలిశాక మనకు జాలి కలుగుతుంది. మ్యూజియంలోని బొమ్మకు అటువంటి వెనుక కథ అవసరం లేదు. అక్కడికి ఎవరూ తప్పనిసరై రారు, చూడాలన్న కుతూహలంతో తమ కాళ్ళ మీద తామే నడిచి వస్తారు. అందువల్ల ఈ కథల్లో తప్పు చూసేవాడి వైపు నుంచి మొదలవుతుంది, తాడు ఆ తప్పుకు గీసిన హద్దు. ముట్టుకోవద్దు, దాటవద్దు అని చెప్పిన చోట చెయ్యి చాచాలనిపించడం అందరికీ అనుభవంలో ఉన్న బలహీనతే కనుక, వాళ్ళు దాటినప్పుడు మనం నవ్వుతూనే భయపడతాం.

ఈ కుతూహలం సినిమా పుట్టకముందు నుంచీ ఉన్నదే. 1761లో స్ట్రాస్‌బర్గ్‌లో పుట్టిన మేరీ టుస్సాడ్, ఫిలిప్ కుర్టియస్ అనే వైద్యుడి దగ్గర మైనంతో ముఖాలు చేయడం నేర్చుకుంది. ఫ్రెంచి విప్లవకాలంలో గిలెటిన్ కింద తెగిన తలలకు అచ్చులు తీసినట్లు తన జ్ఞాపకాలలో చెప్పుకుంది. 1802లో బ్రిటన్‌కు వచ్చి, ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చి, 1835లో లండన్ బేకర్ స్ట్రీట్‌లో స్థిరపడింది. అక్కడ రాజులనూ రాణులనూ చూడటానికి ఒక టికెట్, హంతకుల బొమ్మలూ తెగిన తలలూ ఉన్న వేరే గది చూడటానికి అదనంగా ఆరు పెన్నీలు. ఆ అదనపు ఆరు పెన్నీలు ఇచ్చి మరీ భయం కొనుక్కున్న జనం నుంచే ఈ సినిమాలన్నీ పుట్టాయని నేను నమ్ముతాను.

ఇప్పటి మైనపు మ్యూజియంలలో చాలా బొమ్మల ముందు ఆ తాడు కనిపించదు. 2019లో మహేశ్‌బాబు మైనపు బొమ్మను సింగపూర్ మ్యూజియానికి పంపేముందు హైదరాబాద్‌లోని ఏఎంబీ సినిమాస్‌లో ప్రదర్శనకు పెట్టినప్పుడు అభిమానులు దాని పక్కన నిలబడి ఫొటోలు తీసుకున్నారు. బొమ్మ భుజం మీద చెయ్యి వేయవచ్చు అన్నప్పుడు ముచ్చట మిగులుతుంది కానీ భయం మిగలదు. పాత సినిమాలు మనకు ఇప్పటికీ పనిచేయడానికి అదొక కారణం.

యజమాని సంగతికి వస్తే, ఈ కోవలోని ప్రతి సినిమాలోనూ అతను ఒకేలా ఉంటాడు: మాట నెమ్మది, బట్టలు శుభ్రం, చూపు మాత్రం మనిషి మీద కాకుండా మనిషి ముఖం కొలతల మీద. ఇక్కడ ఆ పాత్రను డేవిడ్ వార్నర్ వేశారు, గొంతు ఒక్కసారి కూడా అనవసరంగా పెంచకుండా వేశారు. తలుపు దగ్గర ఒక ఆజానుబాహుడు, ఒక పొట్టివాడు పనివాళ్ళుగా ఉండటం పాత పద్ధతే. నిజం వివరించే ముసలి పెద్దమనిషి కూడా పాత పద్ధతే, కానీ చక్రాల కుర్చీలో కూర్చున్న పాట్రిక్ మెక్నీ ఆ వివరణ ఇస్తుంటే వినబుద్ధవుతుంది. చరిత్రలోని పద్దెనిమిది మంది పరమ దుర్మార్గుల వస్తువులు, వారి బొమ్మలు, ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క బలి. అన్నీ పూర్తయితే అందరూ ప్రాణం పోసుకుంటారు. లెక్క స్పష్టంగా ఉంది కాబట్టి ప్రతి గది ముందూ మనం ఉత్కంఠతో నిలబడతాం.

ఇక ఈ డిస్క్‌లో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకున్నది బొమ్మల ఊపిరి. ఇదివరకు నా దగ్గర ఈ సినిమా పాత డీవీడీ ఒకటి ఉండేది, అందులో చీకటి గదులు నల్లని ముద్దలా కనిపించేవి. ఇప్పుడు బొమ్మ పాత్రలో కదలకుండా నిలబడ్డ నటుడి కనురెప్ప అదరడం, మెడ దగ్గర నరం కదలడం స్పష్టంగా కనిపిస్తాయి. కొందరు దీన్ని లోపమంటారు; నాకు మాత్రం ఇది ఈ కోవకు చెందిన అసలు ఆనందం. ప్రేక్షకుడు కదలని ముఖం మీద కదలిక కోసం వెతకడమే కదా ఈ సినిమాల ఆట! దీనికి ఒక చరిత్ర కూడా ఉంది. 1933లో మైకేల్ కర్టిజ్ రెండు రంగుల టెక్నికలర్‌లో తీసిన 'మిస్టరీ ఆఫ్ ది వాక్స్ మ్యూజియం'లో, స్టూడియో దీపాల వేడికి మైనపు బొమ్మలు కరిగిపోతుంటే వాటి స్థానంలో మనుషులను కదలకుండా నిలబెట్టారు. 1953లో అదే కథను 3డీలో తిరిగి తీసినప్పుడు, వరుసగా పెట్టిన మైనపు తలల మధ్య బతికున్న మనిషి తల ఒకటి ఉంచారు. అప్పటికింకా బుచిన్‌స్కీ అన్న పేరుతోనే నటిస్తున్న చార్లెస్ బ్రాన్సన్ తల అది.

బొమ్మ కదలడం ఒక ఎత్తు, అది ఎవరికి కనిపిస్తుందన్నది ఇంకొక ఎత్తు. హాస్యం పుట్టేది అక్కడే. 1948 నాటి 'అబట్ అండ్ కాస్టెల్లో మీట్ ఫ్రాంకెన్‌స్టైన్'లో లూ కాస్టెల్లో భయానక వస్తువుల ప్రదర్శనశాలలో, శవపేటిక మూత మీద కొవ్వొత్తి పెట్టి, డ్రాక్యులా కథ రాసి ఉన్న కార్డు పైకి చదువుతుంటాడు. వెనుక మూత కొంచెం లేస్తుంది, కొవ్వొత్తి జారుతుంది. స్నేహితుణ్ణి కేక వేసి పిలిచేసరికి అంతా మామూలే. ఒకరికి కనిపించి ఇంకొకరికి కనిపించకపోవడం అన్న ఈ ఎత్తుగడ ఇప్పటికీ చెల్లుతోంది, పైగా దానికి ఖర్చు కూడా లేదు. 'వాక్స్‌వర్క్' దాన్ని కొద్దిగా మార్చింది. తాడు లోపలున్నవాడికి కనిపించేది బయటివాడికి కనిపించదు, అందుకే బయటివాడు స్నేహితుడు ఇంటికి వెళ్ళిపోయాడనుకుంటాడు. కథానాయకుడు మార్క్ నలుపు-తెలుపు శ్మశానంలో లేచిన శవాల మధ్య చిక్కుకుని, నమ్మకపోతే ఇవి నన్నేమీ చేయలేవని గ్రహించి నడిచి వచ్చే సన్నివేశం ఆ నియమానికి దొరికిన అందమైన ముగింపు.

అయితే అసలు సినిమా అక్కడ ముగియదు. నాకు గిట్టని పడికట్టు అంశం ఆ తర్వాతే వస్తుంది: చివరి అగ్నిప్రమాదం. బొమ్మలన్నీ తాడు ఇవతలికి వచ్చేస్తాయి, ముసలివాళ్ళ దండు ఒకటి ఆయుధాలతో దిగుతుంది, అందరూ అందరితో కలబడతారు, యజమాని మరిగే మైనపు తొట్టిలో పడతాడు, భవనం తగలబడుతుంది. అంతవరకు ఒక్కొక్క గదికీ ఒక్కొక్క నియమంతో, ఒక్కొక్క వెలుతురుతో నడిచిన సినిమా ఒక్కసారిగా గోలగా మారిపోతుంది. ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియదు, తోడేలు మనిషి, మమ్మీ ఒకే గుంపులో కలిసిపోతాయి.

నిప్పు అసలు ఉండకూడదని నేను అనడం లేదు. మైనానికి నిప్పు సహజ శత్రువు. 1925లో లండన్‌లోని టుస్సాడ్ మ్యూజియమే నిజంగా తగలబడి, ఎన్నో బొమ్మలు కరిగిపోయాయి. నా అభ్యంతరం నిప్పు ఎప్పుడు వస్తుందన్న దాని మీదే. 1933, 1953 సినిమాల్లో అగ్నిప్రమాదం ఆరంభంలోనే జరుగుతుంది. బీమా డబ్బు కోసం భాగస్వామి మ్యూజియాన్ని తగలబెడతాడు, శిల్పి తన చేతులతో చేసిన ముఖాలు కారిపోతుంటే కళ్ళారా చూస్తాడు. 1953 సినిమాలో ఆ శిల్పిగా నటించిన విన్సెంట్ ప్రైస్ తనకు అత్యంత ఇష్టమైన ఫ్రెంచి రాణి మేరీ ఆంత్వానెట్ బొమ్మను కాపాడుకోలేకపోవడం చూసినవారికి, ఆ తర్వాత అతను చేసే ఘోరాలకు మూలం ఎక్కడుందో ఇంకెవరూ చెప్పనక్కరలేదు. మొదట్లో వచ్చిన నిప్పు కథను పుట్టిస్తుంది, చివర్లో వచ్చిన నిప్పు కథను ఊడ్చేస్తుంది. 2005లో వచ్చిన 'హౌస్ ఆఫ్ వాక్స్'లో ఇల్లంతా మైనంతోనే కట్టి చివర్లో కరిగించారు. చూడటానికి గొప్పగా ఉంటుంది కానీ ఆ పాత్రల గురించి మనకు కొత్తగా ఏమీ తెలియదు. 'వాక్స్‌వర్క్' తీసిన దర్శకుడికి అంత చక్కటి తాడు చేతిలో ఉండి కూడా చివర్లో అగ్గిపెట్టె తీయడం నాకు నిజంగా బాధ కలిగించింది.

శిథిలాల్లోంచి తెగిన చెయ్యి ఒకటి పాకుతూ బయటపడుతుంది. రెండో సినిమా ఆ చెయ్యితోనే మొదలై, మ్యూజియాన్ని పూర్తిగా వదిలేసి, కాలంలో అటూ ఇటూ తిరుగుతుంది. ప్రతి తలుపు వెనుకా ఒక పాత సినిమాకు అనుకరణ ఉంటుంది. నలుపు-తెలుపులో తీసిన దయ్యాల కొంప భాగంలో బ్రూస్ క్యాంప్‌బెల్, ఛాతీ చీలి ఎముకలు బయటపడి వేలాడుతూ కూడా ఎదుటివారికి ధైర్యం చెబుతుంటే నేను చాలాసేపు నవ్వాను. మిగిలినది చూసి మరచిపోవచ్చు. దాటడానికి తాడు లేని చోట దాటామన్న భయమూ ఉండదు.

నా తీర్పు ఇది. మొదటి సినిమా ఒక్కటి ఉన్నా ఈ సెట్ కొనదగినదే, చివరి పదిహేను నిమిషాల మీద నాకెంత కోపం ఉన్నా సరే. హికాక్స్ ఈ సినిమాను తనకు దారి చూపిన దర్శకులతో పాటు తన అమ్మానాన్నలకు కూడా అంకితం చేశాడు. తండ్రి డగ్లస్ హికాక్స్ దర్శకుడు, తల్లి ఆన్ వి. కోట్స్ 'లారెన్స్ ఆఫ్ అరేబియా' ఎడిటింగుకు ఆస్కార్ అందుకున్న మనిషి. ఆ ఇంట్లో పెరిగినవాడి ఉత్సాహం గది గదిలోనూ తెలుస్తుంది. పాత డీవీడీ ఉన్నవారు కూడా ఆ చీకటి గదుల కోసం దీన్ని తీసుకోండి. పిల్లలతో కలిసి చూసే ఉద్దేశం ఉంటే మాత్రం ఆగండి. క్రూర సుఖాలకు పేరుపడ్డ ఫ్రెంచి ప్రభువు మార్కీ ద సాద్ గదిలో కొరడా దెబ్బలున్నాయి, నేలమాళిగ సన్నివేశం పెద్దవాళ్ళకే కష్టం. పిల్లలకైతే 2006 నాటి 'నైట్ ఎట్ ది మ్యూజియం' పెట్టండి. అందులో కోతి చించేసే సూచనల కాగితం, తెల్లవారేలోపు అందరూ లోపలికి రావాలన్న నియమం ఇదే కుటుంబానికి చెందినవి, ఎవరి కాలూ ఎవరూ తినరు.