మట్టిముద్ద ముందు ఇద్దరు పెద్దలు

నర్సరీ ఉపాధ్యాయులకు, మా పిలుపు మన్నించి వచ్చిన చిత్రకారులకు, శిల్పులకు, సంగీత కళాకారులకు నమస్కారం.

పసిపిల్లల తరగతికి కళాకారుణ్ణి పిలిచామనగానే చాలామందికి తోచేది ఒకటే: ఆయన ఒక బొమ్మ వేసి చూపిస్తారు, పిల్లలు దాన్ని చూసి వేస్తారు, ఇంటికి పట్టుకెళ్లడానికి ఒకే తీరు కాగితాలు ఇరవై తయారవుతాయి. వాటిలో పిల్లల ఆలోచన ఎంత ఉందని ఎవరైనా అడిగితే మన దగ్గర జవాబు ఉండదు. అందుకే కళాకారులను నేను మొట్టమొదట కోరేది, దయచేసి నమూనా తీసుకురావద్దని.

మీరు తేవలసింది మీ చేతికి పదార్థంతో ఉన్న చిరకాల పరిచయాన్ని. మట్టి ఎంత తడిగా ఉంటే నిలుస్తుందో, ఎప్పుడు పగులుతుందో, రెండు ముక్కలు అతకాలంటే అతుకు దగ్గర గీతలు గీసి పలచని మట్టినీళ్లు పూయాలని శిల్పికి తెలుసు. ఏ బిడ్డ ఎందుకు వెనక్కి తగ్గుతాడో ఉపాధ్యాయురాలికి తెలుసు. ఈ రెండు తెలివిడులూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.

ఒక తరగతిలో నేను చూసింది చెబుతాను. నాలుగేళ్ల బాబు ఒకడు మట్టిని ముట్టుకోలేదు, పుల్లతో పొడుస్తూ కూర్చున్నాడు. శిల్పి అతని చేయి పట్టుకుని ముద్ద మీద పెట్టించబోతుంటే, చేతికి ఏదైనా అంటితే ఆ బాబు సహించలేడని తెలిసిన ఉపాధ్యాయురాలు కళ్లతోనే వారించారు. శిల్పి తన ముద్దను బాబు పక్కకు జరుపుకొని, తానూ ఒక పుల్ల తీసుకొని, ఏమీ మాట్లాడకుండా గుంటలు చేయసాగారు. కాసేపటికి బాబు సీసా మూతతో నీళ్లు తెచ్చి ఒక గుంటలో పోశాడు. నీళ్లు మెల్లగా ఇంకిపోయాయి. ముద్ద కిందికి వంగి వెతికి, "తాగేసింది" అన్నాడు. ఆ ఒక్క మాటను ఉపాధ్యాయురాలు రాసి పెట్టుకొని, తరగతి తరువాత శిల్పితో అరగంట కూర్చుని మాట్లాడారు. మర్నాడు ఆ మాట పట్టుకునే శిల్పి ఎండినది, చెమ్మగా ఉన్నది, బాగా తడిసినది, మూడు ముద్దలు తెచ్చారు. ఏది ఎక్కువ తాగుతుందో చూడాలన్న ఆత్రంలో బాబు చేతులు ఎప్పుడు మట్టిలోకి దిగాయో ఎవరూ గమనించలేదు.

ఇటలీలోని రెజ్జో ఎమీలియా నగరం ఈ పనిని అతిథుల రాకపోకలకు వదిలేయలేదు. అక్కడి పురపాలక సంఘం తన మొదటి శిశుపాఠశాలను 1963లో తెరిచింది. విద్యావేత్త లోరిస్ మాలగుజ్జి (1920–1994) ఆలోచనతో ఆ బడుల్లో అతెలియే అనే పనిగదిని ఏర్పాటు చేసి, కళల్లో శిక్షణ పొందిన వ్యక్తిని అతెలియరిస్తా పేరుతో ఉపాధ్యాయులకు సహచరిగా నియమించారు. నా దృష్టిలో అంతకన్నా గొప్ప సంగతి, వారు కలిసి కూర్చోవడం. పిల్లల మాటలను, ఫోటోలను, సగంలో ఆగిన పనులను ముందేసుకొని, రేపు ఏం చేద్దామన్నది వాటి నుంచే తేల్చుకుంటారు.

మన దగ్గర తప్పిపోతున్నది సరిగ్గా ఇదే. కళాకారులకు పిల్లలతో గడిపిన గంటలకే పారితోషికం ఇస్తాం. గంట కొట్టగానే ఉపాధ్యాయురాలు ఇంకో పనికి పరుగెత్తాలి. తరగతి తరువాత ఇద్దరూ మాట్లాడుకునే అరగంటకు అటు బడ్జెట్‌లోనూ ఇటు టైమ్‌టేబుల్‌లోనూ చోటు లేదు. ఆనాడు ఆ అరగంట దొరక్కపోయి ఉంటే "తాగేసింది" అన్న మాట ఆ నోటుపుస్తకంలోనే ఉండిపోయేది. యాజమాన్యాలను నేను గట్టిగా అడుగుతున్నది రంగుల డబ్బాలు కాదు, ఆ అరగంట.

సామగ్రికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. అట్టపెట్టెలు, గుడ్డముక్కలు, నునుపైన రాళ్లు చాలు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లల దగ్గర మాత్రం చిన్న వస్తువులు ఉంచకండి.

భోజనాల తరువాత మీరంతా ఒక కళాకారుడు, ఒక ఉపాధ్యాయురాలు చొప్పున జతలుగా కూర్చుంటారు. ప్రతి బల్ల మీదా ఒక మట్టిముద్ద, ఒక గిన్నెలో నీళ్లు ఉంటాయి. మొదటి పావుగంట ఏమీ తయారు చేయకండి. అవతలివారి చేతులు ఏం చేస్తున్నాయో చూసి రాసుకోండి, ఆ కాగితాలు ముందు పెట్టుకొని అక్కడి నుంచి మాట్లాడుకుందాం.