జబ్బే లేని మనిషికి మందెందుకు?

[స్క్రీన్ మీద: ముంజేతికి క్యాన్యులా (రక్తం తీయడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం), పక్కన వరసగా రక్తం ట్యూబులు]

క్యాన్సర్ వచ్చినవాళ్లు మందు వల్ల వాంతులైనా, జుట్టు రాలినా ఓర్చుకుంటారు. ప్రాణం మీదికి వచ్చింది కదా! మరి నిక్షేపంలా ఉన్న మనిషికి, ఎప్పుడో రావచ్చో రాకపోవచ్చో తెలియని క్యాన్సర్ కోసం మాత్ర ఇస్తే? అక్కడ కాస్త కడుపులో తిప్పినా లెక్కలోకే వస్తుంది.

అందుకే ఇలాంటి మందును మనుషుల మీద పరీక్షించే మొదటి దశలో "ఇది క్యాన్సర్‌ను ఆపుతుందా?" అని చూడరు. అది తేలాలంటే వేలమంది కావాలి, ఏళ్లు పడుతుంది. ముందు చూసేది రెండే. ఒంటికి పడుతుందా? రక్తంలోకి చేరుతుందా?

[స్క్రీన్ మీద: గడియారం, నిండుతున్న ట్యూబు]

కొద్దిమందికి తక్కువ డోసు ఇస్తారు. వాళ్లకేమీ కాలేదంటేనే తర్వాతివాళ్లకి డోసు పెంచుతారు. మాత్ర మింగాక గంటల తరబడి, టైమ్ ప్రకారం రక్తం తీస్తూనే ఉంటారు. వాలంటీర్‌కి విసుగొస్తే మధ్యలో మానేయొచ్చు, కారణం కూడా చెప్పక్కర్లేదు.

పసుపులో ఉండే కర్క్యుమిన్ సంగతే చూడండి. ల్యాబ్‌లో క్యాన్సర్ కణాల మీద బాగా పనిచేసి ఆశలు రేపింది. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో 24 మంది ఆరోగ్యవంతులకు ఒక్క డోసు చొప్పున ఇచ్చారు, 500 మిల్లీగ్రాముల నుంచి 12 గ్రాముల దాకా. ఎవరికీ పెద్ద ఇబ్బంది రాలేదు. తీరా రక్తం పరీక్షిస్తే, 8 గ్రాములు మింగినవాళ్లలో కూడా కర్క్యుమిన్ జాడ లేదు! ఆ పైన మింగినవాళ్లలో ఇద్దరికే, అదీ కొద్దిగా కనిపించింది. ఒంట్లోకి చేరనిది ఒంట్లో ఏం చేస్తుంది?

[స్క్రీన్ మీద: ఫిన్లాండ్ మ్యాపు]

ఒంటికి పడినా గండం గడిచినట్టు కాదు. బీటా కెరోటిన్ అంటే క్యారెట్‌లో ఉండేదే, దానికి ఎవరు భయపడతారు? ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద జరిగిన ట్రయల్‌లో దాన్ని ఏళ్ల తరబడి ఇచ్చారు. 1994లో ఫలితాలొచ్చాయి. అది వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ! అమెరికాలో ఇలాంటిదే మరో ట్రయల్‌ను 1996లో మధ్యలోనే ఆపేశారు.

గెలిచిన మందూ ఉంది, టామాక్సిఫెన్. రొమ్ము క్యాన్సర్ ముప్పు ఎక్కువున్న 13,388 మంది మహిళలతో చేసిన ట్రయల్‌లో జబ్బు దాదాపు సగానికి తగ్గింది. కానీ గర్భాశయ క్యాన్సర్, రక్తం గడ్డలు పెరిగాయి. అందుకే దాన్ని అందరికీ రాయరు. ముప్పు ఎక్కువున్నవాళ్లకే, లాభనష్టాలు రెండూ చెప్పి ఇస్తారు.