పక్క వీధి హోటల్‌కి వేరే కొలత కావాలి

శ్రోతలకు నమస్కారం.

పేటలోకి కొత్తగా వచ్చినవాళ్ళు "ఇక్కడ ఎక్కడ తింటే బాగుంటుంది?" అని అడిగితే మనం ఆలోచించకుండానే జవాబు చెప్పేస్తాం. "ఆ మూల మీద హోటల్‌కి వెళ్ళండి, దాని పక్కది మాత్రం వద్దు" అంటాం. వాళ్ళు మన మాట నమ్మి అక్కడికే వెళ్తారు. పక్క హోటల్‌వాడికి ఒక బేరం పోయిందన్న సంగతి మనకు తట్టదు. ఇంత బరువున్న మాటను తేలిగ్గా అనేయకూడదని నా నమ్మకం. అందుకే రోజూ మనం తినే చోట్ల మీద, కొనే దుకాణాల మీద అభిప్రాయం ఎలా ఏర్పరచుకోవాలో ఈ రోజు మాట్లాడతాను.

హోటళ్ళను కొలవడం అనగానే చాలామందికి గుర్తొచ్చేది మిషలిన్ నక్షత్రాలు. ఫ్రాన్స్‌లో టైర్లు తయారుచేసే మిషలిన్ సోదరులు ఆంద్రే, ఎడువార్ 1900లో ఒక చిన్న పుస్తకం అచ్చువేసి కార్లవాళ్ళకు ఉచితంగా పంచారు. టైరు ఎలా మార్చాలి, పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, రాత్రి ఎక్కడ బస చేయాలి, ఇవే అందులో ఉండేవి. మంచి భోజనం దొరికే చోట్లకు నక్షత్రం గుర్తు పెట్టడం 1926లో మొదలైంది. కొన్నేళ్ళకు అది ఒకటి నుంచి మూడు దాకా పెరిగింది. వాటి అర్థాలు గమనించండి. ఒక నక్షత్రమంటే ఆ తరహా హోటళ్ళలో చాలా మంచిది. రెండంటే దారి మళ్ళి అయినా వెళ్ళదగ్గది. మూడంటే దాని కోసమే ప్రయాణం కట్టదగ్గది. టైర్ల కంపెనీ కదా, కొలతలో ప్రయాణం ఉండటం సహజమే.

మరి మన పక్క వీధి హోటల్‌కి ఎవరూ ప్రయాణం కట్టి రారు. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చినప్పుడు, ఇంట్లో వంట కుదరనప్పుడు, ఉన్నట్టుండి చుట్టాలు దిగినప్పుడు వెళ్తాం. అలాంటి చోటును నక్షత్రాలతో కొలిస్తే దానికి అన్యాయం చేసినట్టే. దానికి నేను వేసే ప్రశ్న వేరే ఉంది: ఇదే వంట వచ్చే వారం కూడా ఇలాగే ఉంటుందా? ఉంటుందని ధైర్యంగా చెప్పగలిగితే అది మంచి హోటల్. ఒక రోజు అద్భుతంగా, మరో రోజు నోట పెట్టలేనట్టు ఉండే హోటల్ కంటే ఎప్పుడూ ఒకేలా, శుభ్రంగా, సరిపడా ఉప్పుతో వండిపెట్టే హోటల్ నాకు గొప్పది. అలా నిలకడగా వండటం చాలా కష్టం. సరుకు నాణ్యత రోజుకోలా ఉంటుంది. వంటవాళ్ళు మారుతుంటారు. జనం ఒక రోజు విరగబడతారు, మర్నాడు ఖాళీ. ఇవన్నీ తట్టుకుని రుచి నిలబెట్టినవాళ్ళ గురించి మనం గట్టిగా చెప్పాలి.

అందుకే ఒక్కసారి తిని తీర్పు చెప్పడం నాకు నచ్చదు. 1957లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఆహార విభాగం సంపాదకుడిగా చేరిన క్రెయిగ్ క్లెయిబోర్న్ హోటళ్ళ సమీక్షకు కొన్ని నియమాలు పెట్టాడు. సమీక్ష రాసే మనిషి తానెవరో చెప్పకూడదు. ఒకసారి కాకుండా పలుమార్లు వెళ్ళాలి. బిల్లు పత్రికే కట్టాలి, హోటల్ నుంచి ఏదీ ఉచితంగా తీసుకోకూడదు. చాలామంది మంచి సమీక్షకులు ఈ రోజుకీ పాటించే పద్ధతి ఇదే. ఇప్పుడు మన సంగతి చూడండి. పేటలో తినేవాళ్ళం మన డబ్బుతో తింటాం, పదే పదే వెళ్తాం, ఎవరూ మనల్ని ప్రత్యేకంగా చూడరు. పెద్ద పత్రిక నియమం పెట్టుకుని సాధించినది మనకు మామూలుగానే దొరుకుతోంది. అందుకే స్థానికంగా తినేవాళ్ళ మాటకు విలువ ఎక్కువని నేనంటాను.

కొత్త హోటల్‌కి వెళ్ళినప్పుడు నేను మెనూలో అన్నిటికంటే సాదా వంటకం అడుగుతాను. మసాలాలు, సాస్‌లు దట్టంగా ఉన్న వంటకంలో లోపాలు దాగిపోతాయి. ఉడకబెట్టిన గుడ్డులోనో, పల్చటి సూప్‌లోనో దాక్కునే చోటు లేదు. వెళ్ళే రోజు కూడా ముఖ్యమే. సెలవు రోజు సాయంత్రం రద్దీలో ఏ హోటల్ అయినా తడబడుతుంది. వారం మధ్యలో, ఖాళీగా ఉన్న పూట వెళ్తే అసలు వంట తెలుస్తుంది. ఆ తర్వాత రద్దీలో కూడా ఒకసారి చూడాలి. రెండిటికీ తేడా తక్కువగా ఉంటే ఆ వంటగదిని నడిపేవాళ్ళకు పని తెలుసు.

వేడి వంట వేడిగా, చల్లటిది చల్లగా రావడం చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆహార భద్రతకు చెప్పిన ముఖ్య సూత్రాల్లో అదొకటి. వండిన పదార్థాన్ని వడ్డించేదాకా 60 డిగ్రీల సెల్సియస్ పైన ఉంచాలి, లేదా 5 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. ఈ రెండిటి మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. వండింది గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. మళ్ళీ వేడి చేస్తే లోపలిదాకా 70 డిగ్రీలు తగలాలి. థర్మామీటర్ పట్టుకుని ఎవరూ హోటల్‌కి వెళ్ళరు. అయినా అంచుల్లో వేడిగా, నడుమ చల్లగా ఉన్న వంటకం పళ్ళెంలోకి వస్తే హడావుడిగా వేడి చేశారని తెలిసిపోతుంది. అప్పుడు మొహమాటపడకుండా వెనక్కి పంపాలి. నూనె సంగతీ అంతే. పదే పదే కాచిన నూనె ముదురు రంగుకి తిరిగి, చిక్కబడి, తక్కువ వేడికే పొగలు కక్కుతుంది. వేపుడు తిన్నాక గొంతులో జిడ్డు, ముక్కులో మాడు వాసన మిగిలితే కారణం చాలాసార్లు అదే.

ఇంకొకటి, మనం పెద్దగా పట్టించుకోనిది: చప్పుడు. చుట్టూ పెద్ద శబ్దం ఉంటే ఉప్పు, తీపి మన నాలుకకు తక్కువగా తెలుస్తాయని ప్రయోగాల్లో తేలింది. స్పీకర్లు హోరెత్తిపోయే హాల్లో తిని "ఉప్పు చాల్లేదు" అంటే, తప్పు వంటవాడిది కాకపోవచ్చు. పాట శబ్దం కాస్త తగ్గించమని అడిగి చూడండి. ఇలా అడిగేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటే చాలా హోటళ్ళు వింటాయి.

ఇక వైన్ షాపు. ముందే ఒక మాట చెప్పాలి. క్యాన్సర్‌పై పరిశోధనకు ఉన్న అంతర్జాతీయ సంస్థ 1988లోనే మద్యాన్ని క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. తాగనివాళ్ళు మొదలుపెట్టడానికి ఏ కారణమూ లేదు. తాగేవాళ్ళు తక్కువ తాగాలి. ఆ తక్కువైనా సరైన చోట, తెలిసి కొనాలి. నేను చెప్పేది వాళ్ళ కోసం.

వైన్ బతికున్న సరుకు లాంటిది, వేడికీ వెలుగుకీ పాడైపోతుంది. దాన్ని నిల్వ చేయడానికి 12, 13 డిగ్రీల చల్లదనం అనుకూలమని అందులో పనిచేసేవాళ్ళు చెబుతారు. షాపులో అంత చల్లగా ఉంచలేకపోవచ్చు. కానీ అద్దాల కిటికీలో, ఎండ పడే చోట సీసాలు వరసగా నిలబెట్టి ఉంటే, లేదా పొద్దంతా ట్యూబ్‌లైట్ కింద రంగులేని గాజు సీసాలు ఉంటే, ఆ షాపులో నేను కొనను. చెట్టు బెరడుతో చేసిన బిరడా, అంటే కార్క్, ఉన్న సీసాను చాలాకాలం నిలబెట్టి ఉంచితే బిరడా ఎండి గాలి లోపలికి పోతుందంటారు. అందుకే అలాంటివి పడుకోబెట్టి ఉంచుతారు. మరలు తిరిగే మూత ఉన్నవాటికి ఆ ఇబ్బంది లేదు. మరల మూత చూసి చవకరకం అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అది సరైన లెక్క కాదు.

బిరడాతో ఇంకో చిక్కుంది. కొన్ని సీసాలు తీయగానే తడిసిన అట్టపెట్టె వాసన వేస్తాయి. బిరడాలో పుట్టే టీసీఏ అనే రసాయనం దానికి కారణమని స్విట్జర్లాండ్ పరిశోధకులు 1980ల మొదట్లో కనిపెట్టారు. ఒక లీటరులో అత్యల్పంగా, నానోగ్రాముల లెక్కలో ఉన్నా ముక్కు దాన్ని పట్టేస్తుంది. ఒంటికి హాని చేయదు, రుచిని మాత్రం చంపేస్తుంది. అలాంటి సీసాను వెనక్కి తీసుకుని వేరేది ఇచ్చే షాపు మంచి షాపు. వాసన చూసి ఒప్పుకోకుండా "ఈ రకం ఇలాగే ఉంటుంది" అని వాదించేవాడి దగ్గర మళ్ళీ కొనాల్సిన పని లేదు.

వైన్ విషయంలో మన అభిప్రాయం ఎంత తేలిగ్గా దారి తప్పుతుందో 2008లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. కాలిఫోర్నియాలో కొందరికి ఒకే వైన్‌ను రెండు వేర్వేరు ధరలు చెప్పి రుచి చూపించారు. ఎక్కువ ధర చెప్పినప్పుడు బాగుందన్నారు. ఆ సమయంలో వాళ్ళ మెదడును స్కాన్ చేస్తే, ఆనందానికి సంబంధించిన భాగం నిజంగానే ఎక్కువ చురుగ్గా కనిపించింది. అంటే వాళ్ళు అబద్ధం చెప్పలేదు, ధరే రుచిని మార్చింది. 1976లో పారిస్‌లో లేబుళ్ళు దాచి పెట్టిన పోటీ కూడా ఇలాంటిదే. ఫ్రాన్స్‌కు చెందిన నిపుణులే న్యాయనిర్ణేతలు. తెల్ల వైన్‌లోనూ, ఎర్ర వైన్‌లోనూ వాళ్ళు మొదటి స్థానం ఇచ్చినవి కాలిఫోర్నియా సీసాలు. ఇంత అనుభవమున్నవాళ్ళకే లేబుల్ కనబడకపోతే ఫలితం అలా వచ్చింది. కాబట్టి ఖరీదు చెప్పకుండా, మన తిండి ఏమిటో అడిగి దానికి తగ్గది చూపించే అమ్మకందారుడు దొరికితే అతన్ని వదులుకోకండి. నాకు అలాంటి మనిషి దొరికినప్పుడు చాలా సంతోషించాను, ఆ షాపు గురించి కనబడినవాళ్ళందరికీ చెప్పాను.

సరుకుల దుకాణాన్ని అంచనా వేయడం దీనికంటే సులువు. కొత్త సరుకు వెనక్కి, పాతది ముందుకు సర్దుతున్నారా చూడండి. చేప కళ్ళు ఉబ్బి మెరుస్తున్నాయా, మొప్పలు ఎర్రగా ఉన్నాయా చూడండి. పొడులు కళ్ళముందు ఆడించి ఇస్తే ఇంకా మేలు. ప్యాకెట్ మీద తేదీలు రెండు రకాలని గుర్తుంచుకోవాలి. "ఈ తేదీ లోపు వాడాలి" అన్నది భద్రతకు సంబంధించింది, అది దాటితే తినకూడదు. "బెస్ట్ బిఫోర్" అన్నది నాణ్యతకు సంబంధించింది, అది దాటగానే సరుకు విషమైపోదు. ఇవన్నీ ఒక ఎత్తు, "ఈ రోజు వచ్చింది బాగోలేదు, రేపు తీసుకోండి" అనే దుకాణదారుడు ఒక ఎత్తు. చేతికొచ్చిన బేరాన్ని వదులుకుని నిజం చెప్పినవాడిని నేను కళ్ళు మూసుకుని నమ్ముతాను.

అభిప్రాయం ఏర్పడింది, మరి దాన్ని ఎక్కడ చెప్పాలి? ఇప్పుడు ఫోన్ తీసి నక్షత్రాలు కొట్టేస్తున్నాం. హార్వర్డ్‌లో మైకేల్ లూకా అనే ఆర్థికవేత్త అమెరికాలోని సియాటిల్ నగరపు హోటళ్ళను పరిశీలించి, రేటింగ్‌లో ఒక్క నక్షత్రం పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం దాకా పెరుగుతోందని చూపాడు. ఒకే పేరుతో చాలాచోట్ల నడిచే గొలుసు హోటళ్ళ మీద ఆ ప్రభావం కనబడలేదు, సొంతంగా నడుపుకునే చిన్న హోటళ్ళ మీదే పడింది. మనం కోపంలో నొక్కే ఒక్క నక్షత్రం ఎవరి జీతాల మీద పడుతుందో ఆలోచించండి. అందులోనూ డబ్బిచ్చి రాయించుకునే దొంగ రివ్యూలు పెరిగిపోయి, వాటిని నిషేధిస్తూ అమెరికా ప్రభుత్వం 2024లో ఒక నియమమే తేవాల్సి వచ్చింది. ఆ గుంపులో నిజంగా తిన్న మనిషి రాసింది వేరుగా కనబడాలంటే వివరం ఉండాలి. "సూపర్", "చెత్త" అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ వంటకం, ఏ పూట, ఏం బాగుంది, ఏం బాగోలేదు, అడిగితే వాళ్ళు ఏమన్నారు, ఇవి రాయాలి.

ఉప్పు ఎక్కువైతే, ఆలస్యమైతే ముందు యజమానికి చెప్పండి. అక్కడికక్కడే, మర్యాదగా, సర్వర్ మీద అరవకుండా చెప్పండి. వండింది అతను కాదు కదా. దిద్దుకునే అవకాశం ఇచ్చాకే బయట రాయడం న్యాయం. శుభ్రత విషయంలో మాత్రం నేను ఆగను. పాడైన మాంసం, బొద్దింకలు, చేతులు కడుక్కోకుండా వడ్డించడం, ఇవి కనబడితే నేరుగా అధికారులకు ఫిర్యాదు చేయాలి. లాస్ ఏంజెలిస్‌లో 1998 నుంచి, న్యూయార్క్‌లో 2010 నుంచి తనిఖీలో వచ్చిన గ్రేడును హోటల్ గుమ్మం దగ్గరే అందరికీ కనబడేలా పెడుతున్నారు. అలాంటి ఏర్పాటు ఉన్న ఊళ్ళో లోపలికి వెళ్ళే ముందు ఆ కాగితం చూడటం అలవాటు చేసుకోండి.

చివరగా, హోటళ్ళు మారతాయి. వంటవాడు వెళ్ళిపోతాడు, యజమాని మారతాడు, పాడైనది బాగుపడుతుంది. ఎప్పుడో ఒకసారి నచ్చక మానేసిన చోటుకు మళ్ళీ వెళ్ళి చూడండి. బాగుపడిందనిపిస్తే మీ పాత రివ్యూ తీసేసి, ఈ రోజు తేదీ వేసి కొత్తది రాయండి. ఇంతకుముందు వద్దని చెప్పిన పక్కింటివాళ్ళకు కూడా ఆ సంగతి చెప్పండి.

నమస్కారం.