బుట్ట చేతులు, పాత గుండీలు, కాస్త సోకు

అందరికీ నమస్కారం. వింటేజ్ ఫ్యాషన్ గురించి మాట్లాడమని పిలిచిన ఈ పిల్లలు నాకో షరతు పెట్టారు. క్లాసు చెప్పినట్టు ఉండకూడదట! సరే, ముచ్చట్లే చెప్పుకుందాం.

ఒక్క తేడా మాత్రం ముందే చెప్పేస్తాను. వ్యాపారుల లెక్కలో ఇంచుమించు 20 ఏళ్లు దాటింది వింటేజ్, 100 దాటితే యాంటిక్. పాత మోడల్లో ఇవాళ కుట్టింది రెట్రో. షాపుల్లో వింటేజ్ అని చీటీ తగిలించినవి చాలావరకు ఈ మూడో రకమే. ధర కూడా మూడో రకానిదే అయితే నాకేం పేచీ లేదు.

బుట్ట చేతులనే తీసుకోండి. 1890ల్లో యూరప్ ఆడవాళ్ల గౌన్లకి భుజం దగ్గర బాగా ఉబ్బి, మోచేతి కింద బిగుసుకుపోయే చేతులు ఉండేవి. ఆ మోజు కొన్నేళ్లకే తగ్గిపోయింది. మన జాకెట్టు బుట్ట చేతులు మాత్రం పోతూ, మళ్లీ వస్తూ ఉన్నాయి. ఇవాళ ముందు వరసలోనే ముగ్గురి భుజాల మీద కనిపిస్తున్నాయి. నేను అలాంటిదే వేసుకుని పెళ్లికెళ్తే మా పెద్దమ్మ "ఏటే గుంటా, ఈ వయసులో నీకిదేటి సోకు?" అంది. అంటూనే చెయ్యి పట్టుకుని కుచ్చులు తిరగేసి చూసి, "ఎవలు కుట్టేరు?" అని ఆరా తీసింది.

సోకులో కాస్త అల్లరి ఉండాలని నా వాదన. 1937లో ప్యారిస్ డిజైనర్ ఎల్సా స్కియాపరెల్లి, చిత్రకారుడు డాలీతో కలిసి హైహీల్ చెప్పు ఆకారంలో టోపీ తయారుచేసింది. మన ఊళ్లో చెప్పు నెత్తికెక్కితే పంచాయతీ పెడతారు. అక్కడ డబ్బిచ్చి మరీ పెట్టుకున్నారు! అంత సాహసం మనకొద్దులెండి. ఒక గుండీ చాలు.

నిజంగానే గుండీ చాలు. విజయనగరం గంటస్తంభం దగ్గర సందుల్లో టైలరింగ్ సామాన్ల కొట్టుకెళ్లి "పాత స్టాకు ఏమైనా ఉందా?" అని అడగండి. కొట్టాయన విసుక్కుంటూనే అటక మీంచి ఓ రేకు డబ్బా దించుతాడు. నాకు దొరికిన డబ్బాలో స్ట్రాబెర్రీ గుండీలు, కుక్కపిల్ల గుండీలు, అడుగున ముత్యపు చిప్ప గుండీలు ఉన్నాయి. చిప్పదో ప్లాస్టిక్‌దో తెలియాలంటే చెంపకి ఆనించాలి. చిప్పది చల్లగా తగులుతుంది. నేనలా ఒక్కొక్కటీ చెంపకి పెట్టుకుంటుంటే ఆయన ముఖం చూడాలి మీరు!

ఇక పాత పట్టుచీరలు. "కొంటాం" అని వీధిలో అరుస్తూ వచ్చేవాళ్లకి చీరతో పనిలేదు, జరీలో వెండి కావాలి. అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ సన్నటి వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పూసింది. అందుకే పాతబడితే నల్లబడుతుంది. నల్లబడింది కదా అని అమ్మేసుకోకండి. చీర కొనేటప్పుడు మడత విప్పి వెలుతురుకి పట్టి చూడండి. పట్టు ముందు చిరిగేది మడతల దగ్గరే. ఒళ్లు చివికిపోయి అంచు గట్టిగా ఉంటే, అంచు విప్పి కొత్త జాకెట్టుకి వేసుకోవచ్చు. ఒళ్లు బాగున్న చీర జోలికి మాత్రం కత్తెర పట్టుకుని వెళ్లకండి. ఈ మధ్య అలాంటివి కోసేసి గౌన్లు కుట్టించడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ అంచు వేసే జాకెట్టుకి గుడ్డ ఎక్కడిదంటారా? మన శ్రీకాకుళం జిల్లాలో ఖద్దరు నేసే పొందూరు ఉండగా ఇంకెక్కడికో పోవాలా! అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ ఎముకకున్న సన్నటి పళ్ల వరసలో చెత్త చిక్కుకుని, దూది నునుపుదేరుతుంది. తర్వాత ఒంటి కదురు రాట్నం మీద సన్నటి నూలు వడుకుతారు. సినిమా హీరో అక్కినేని నాగేశ్వరరావుగారికి ఈ పొందూరు పంచెలంటే ఎంతిష్టమో మీ తాతయ్యల్ని అడగండి. తెల్లటి పొందూరు గుడ్డకి బుట్ట చేతులు, అమ్మమ్మ చీర అంచు, వెనకాల కుక్కపిల్ల గుండీలు! ఊహించుకోండి.

ఊహ ఎందుకు, కుట్టించిందే తెచ్చాను. ఆ బల్ల మీద ఉంది, పక్కనే గుండీల డబ్బా కూడా. వచ్చి పట్టి చూడండి, చెంపకీ ఆనించుకోండి. వెళ్లేటప్పుడు మాత్రం లెక్కపెట్టే పంపిస్తాను.