ఎగ్జిమా వెనక వయ్యారిభామ

శ్రోతలకు నమస్కారం.

వానలు పడి పచ్చదనం పెరిగాక కొందరికి కనురెప్పలు వాస్తాయి. మెడ, మోచేతి మడతలు ఎర్రబడి ఒకటే దురద. వేడి చేసిందనో, తిన్నది పడలేదనో వంకాయ, చేపలు మానేస్తారు. అయినా తగ్గదు. పొలం పనులు చేసేవారికి ఇలా జరిగితే ఒకసారి గట్ల వైపు చూడమంటాను. క్యారెట్ ఆకులాంటి ఆకు, చిన్న తెల్లపూలు ఉన్న వయ్యారిభామ అక్కడ ఉందేమో చూడండి. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు.

ఇది అమెరికా ఖండాల నుంచి వచ్చిన మొక్క. 1950లలో పుణె ప్రాంతంలో కనిపించి, దేశమంతా పాకింది. దీనిలో పార్థెనిన్ అనే రసాయనం ఉంటుంది. ఎండిన మొక్క నలుసులు గాలికి లేచి ఒంటి మీద పడతాయి. మొదట్లో ఏమీ కాదు. ఏళ్ల తరబడి తగిలాక ఒళ్లు ఎదురుతిరుగుతుంది. ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకొచ్చిందని రైతులు అడిగేది అందుకే. ఆ తర్వాత మొక్కను ముట్టుకోకపోయినా, గాలి సోకితే చాలు, ఎగ్జిమా, అంటే చర్మం ఎర్రబడి దురద పెట్టే ఈ జబ్బు, తిరగబెడుతుంది.

ఎండకు వచ్చిందేమో అనిపిస్తుంది. కానీ ఎండ తగలని రెప్పల మడతల్లో, చెవుల వెనక, గడ్డం కింద కూడా ఉంటే గాలిలో వచ్చేదాన్నే ముందు అనుమానించాలి. చర్మవైద్యులు వీపుకు చిన్న పట్టీలు అంటించి, రెండు రోజుల తర్వాత తీసి చూసి కారణం తేలుస్తారు. ఈ జబ్బున్న కొందరికి వయ్యారిభామ కుటుంబానికే చెందిన చామంతి మొక్క కూడా పడదు. పూలు కట్టే అమ్మలు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

నాకు చాలా బాధ కలిగించేవి రెండున్నాయి. ఒకటి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు. రాసిన పూట హాయిగానే ఉంటుంది, నెలల తరబడి మొహానికి రాస్తే చర్మం పలచబడిపోతుంది. రెండోది, అంటుకుంటుందని మనిషికి కంచం, తువ్వాలు వేరుచేసి దూరం పెట్టడం. ఎగ్జిమా అంటువ్యాధి కాదండీ.

పొలం నుంచి రాగానే స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతకండి. ఒళ్లు పూర్తిగా ఆరకముందే వాజిలిన్ రాసుకోండి. మొక్కలను పూత రాకముందే, నేల మెత్తగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకాలి. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ ఉండాలి. ఎగ్జిమా ఉన్నవాళ్లను మాత్రం ఆ పనికి పంపకండి. ఒక్కో మొక్కకు వేల విత్తనాలు. మీ గట్టు శుభ్రంగా ఉన్నా పక్క ఖాళీ స్థలంలో పూస్తే మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి బడి, బస్టాండు, చెరువు కట్టతో సహా ఊరంతా ఒకే వారంలో పీకించమని పంచాయతీని అడగండి.